పెట్టి వెళ్లిన దొంగ

దొంగ అన్నాక ఏదో ఒకటి పట్టుకుపోతాడు. పట్టుకుపోయినదానికంటే ఎక్కువ పెట్టి వెళ్లిన దొంగని మాత్రం నా పద్నాలుగేళ్ల వృత్తిలో ఒక్కసారే చూశాను. అది కూడా నా చిన్ననాటి స్నేహితురాలి పెళ్లిలో, అన్నవరం కొండ మీద, 2025 శ్రావణమాసంలో. రాసుకోమని చెప్పింది పెళ్లికూతురే. "పేర్లు తప్ప అన్నీ రాసుకో" అంది. అందుకే ఇందులో పేర్లు ఉండవు.

నా పని గురించి ముందు రెండు ముక్కలు చెప్పాలి. విశాఖలో నాకో చిన్న ఆఫీసు ఉంది. బోర్డు మీద డిటెక్టివ్ అని రాసి ఉంటుంది గానీ వచ్చే కేసుల్లో ఎక్కువ భాగం పెళ్లి ఎంక్వైరీలే. అబ్బాయి చెప్పిన జీతం నిజమేనా, ఇంతకుముందు నిశ్చితార్థం దాకా వెళ్లి ఆగిన సంబంధం ఏమన్నా ఉందా, మందు అలవాటు "అప్పుడప్పుడూ"నా "ఎప్పుడూ"నా, ఇలాంటివి. నాకు తుపాకీ లేదు, లైసెన్సూ లేదు. మన దేశంలో ప్రైవేటు డిటెక్టివులకి లైసెన్సు ఇచ్చే చట్టమే లేదు. 2007లో రాజ్యసభలో ఓ బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. ఎవరివైనా ఫోన్ కాల్ రికార్డులు దొడ్డిదారిన సంపాదిస్తే జైలుకి వెళ్లేది మేమే. కాబట్టి మా పద్ధతులన్నీ పాతవే. ఇస్త్రీ బండి దగ్గర ఐదు నిమిషాలు, వాచ్‌మన్ భార్యతో పది నిమిషాలు, వీధి చివర కిరాణా కొట్లో అరకేజీ కందిపప్పు. కందిపప్పు మా ఇంట్లో ఎప్పుడూ నిలవ ఉంటుంది.

"నా పెళ్లికి మాత్రం ఎంక్వైరీ చెయ్యకు. ముప్పై ఎనిమిదేళ్లకి ఒకడు నచ్చాడు, వాణ్ని నువ్వు చెడగొట్టకు" అని నా చేత ముందే ఒట్టు వేయించుకుంది. మాట నిలబెట్టుకున్నాను. ఒక్కసారి మాత్రం ఆయన ఆఫీసు కింద టీ తాగాను. టీ కొట్టు ఆయన "ఆ సారా? బాకీ పెట్టరండీ" అన్నాడు. అంతే, ఇంకేం అడగలేదు.

మధ్యాహ్నం రత్నాచల్ ఎక్కి అన్నవరంలో దిగాను. ఆ రైలుకి ఆ పేరు ఈ కొండ వల్లే వచ్చింది. శ్రావణమాసంలో మంచి ముహూర్తం ఉన్న రోజున రత్నగిరి మీదకి వెళ్లినవాళ్లకి నేను చెప్పేది అర్థమవుతుంది. ఏ సత్రం ముందు చూసినా అరటిచెట్లు, ఏ వరండాలో చూసినా పట్టుచీరలు. ఒక పెళ్లి గట్టిమేళం ఇంకో పెళ్లి ఎదుర్కోలు సన్నాయిలో కలిసిపోతూ ఉంటుంది. మా ముహూర్తం తెల్లవారుజామున 2 గంటల 47 నిమిషాలకి. ఈ 47 ఎక్కడ నుంచి వస్తుందో ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు.

మెట్ల దగ్గర నా సంచీ అందుకున్నది పెళ్లికూతురి వాళ్లమ్మ. నాకు ఆవిడ ఎప్పటికీ టీచరే. సామర్లకోటలో ఏడో తరగతిలో మాకు సైన్సు చెప్పారు. 1999 ఆగస్టు 11న సూర్యగ్రహణం పట్టినప్పుడు ఊళ్లో తలుపులన్నీ మూసుకుంటే, ఈవిడ మమ్మల్ని గ్రౌండులో కూర్చోబెట్టి తలా రెండు జంతికలు పంచారు. "గ్రహణం అంటే నీడ. నీడ పడితే తిండి విషమవుతుందా?" అని అడిగి, మా ముందు తనే మొదట తిన్నారు. ఆకాశం నిండా మబ్బులు, సూర్యుడు సరిగ్గా కనిపించలేదు. జంతికలు మాత్రం గుర్తున్నాయి.

సంచీ అందుకుంటున్నప్పుడు చూశాను, ఎడమచేతి ఉంగరపు వేలికి బ్యాండ్-ఎయిడ్ ఉంది.

"ఏమైంది టీచర్?"

"కొబ్బరి కోరుతుంటే తెగిందే. పద, కాఫీ తాగుదువుగాని."

నేను కాఫీ వైపు వెళ్లిపోయాను. ఇది గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

పెళ్లికూతురి నాన్నగారు లేరు. 1996 నవంబరు 6 తుపాను రాత్రి, పనిమీద అమలాపురం వైపు వెళ్లిన మనిషి తిరిగి రాలేదు. అప్పటికి మా ఇద్దరికీ తొమ్మిదేళ్లు, వాళ్ల తమ్ముడికి నాలుగు. కాబట్టి ఈ పెళ్లికి ముందు ఇంట్లో పెద్ద యుద్ధమే జరిగింది. కన్యాదానం అమ్మే చెయ్యాలని కూతురు పట్టు. కుదరదు, బాబాయి పిన్ని దంపతులుగా పీటల మీద కూర్చుంటారని అమ్మ పట్టు. పురోహితుడు ఇద్దరికీ సరే అనేలా ఉన్నాడు పాపం. చివరికి కూతురే తగ్గింది గానీ ఒక షరతు పెట్టింది. మన వైపు మంగళసూత్రాల్లో ఒక పుస్తె పుట్టింటివాళ్లది, ఒకటి అత్తింటివాళ్లది కదా. ఆ పుట్టింటి పుస్తె, నాన్న కట్టిన అమ్మ పుస్తెలు కరిగించి చేయించాలి. "పీటల మీద నువ్వు లేకపోతే పోయావు, నా మెడలో అయినా ఉండు" అంది.

టీచర్ చాలాసేపు ఏం మాట్లాడలేదట. తర్వాత బియ్యం డబ్బాలోంచి గుడ్డ మూట తీసి ఇచ్చేశారట. ఇరవై తొమ్మిదేళ్ల క్రితం పదో రోజున తీసినవి.

కరిగించిన రోజు నేనూ ఉన్నాను. సామర్లకోటలో వాళ్లకి తెలిసిన కంసాలి, ముసలాయన. పెళ్లికూతురూ, తమ్ముడూ, టీచరూ, నేనూ నలుగురం ఆయన ఎదురుగా కూర్చున్నాం. గుండ్రటి బిళ్ల, మధ్యలో చిన్న బొడిపె, పైన దారం దూర్చే కొక్కెం. ఆ కొక్కెం అతికేటప్పుడు ఆయన చెయ్యి కొంచెం వణికి, కొక్కెం ఒక వెంట్రుకవాసి కుడికి జరిగింది. మళ్లీ చేస్తానన్నాడు. "వద్దు తాతగారూ, అలాగే ఉండనివ్వండి, నాది అని గుర్తుంటుంది" అంది పెళ్లికూతురు.

ఇక పెళ్లి రాత్రికి వద్దాం. తొమ్మిదిన్నర అయింది. పెళ్లికూతురు కాళ్లకి పారాణి పెట్టించుకుంటూ కదలకూడని స్థితిలో ఉంది. "పిన్ని దగ్గర పళ్లెంలో సూత్రాలు ఉన్నాయట, ఓ ఫోటో తీసి తేవే. నాన్నది ఒకసారి చూసుకోవాలనుంది" అంది నాతో. పిన్నిగారి గదికి వెళ్లాను. పళ్లెంలో బియ్యం పోసి, వాటి మీద కొబ్బరిబొండాం పెట్టి, దాని మీద పసుపుతాడు చుట్టారు. ఫోన్ దగ్గరగా పెట్టి జూమ్ చేశాను.

కొక్కెం నడిమధ్యలో ఉంది.

పిన్నిగారు అటు తిరగ్గానే బిళ్ల తిప్పి చూశాను. వెనక సన్నగా గీసిన అక్షరాలు ఉన్నాయి. 22కే916, దాని పక్కన ఆరు అక్షరాలూ అంకెలూ. హాల్‌మార్క్. కంసాలి ఎదురుగా కూర్చుని మన బంగారం కరిగించి చేయించుకున్న పుస్తెకి హాల్‌మార్క్ ఎక్కడ నుంచి వస్తుంది? అత్తింటి పుస్తె వేరే తరహాది, సందేహం లేదు. అంటే పుట్టింటి పుస్తెని ఎవరో తీసేసి, అదే తరహాలో కొత్తది పెట్టారు. చూపులకి కొత్తది కొంచెం మందంగా కూడా ఉంది.

వెండి మీద బంగారుపూత వేసినది పెట్టి అసలుది కొట్టేసిన కేసు చూశాను. అసలుది తీసి, అంతకంటే బరువైన అసలుది పెట్టిన కేసు చూడలేదు. కాసు బంగారం డెబ్బై వేలు దాటిన రోజుల్లో ఎవడికండీ ఇంత దానగుణం?

హాల్‌మార్క్ పక్కన ఉండే ఆ ఆరింటిని హెచ్‌యూఐడీ అంటారు. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ అమ్మాలంటే అది ఉండి తీరాలి. ఏ రెండు నగలకీ ఒకే నంబరు ఉండదు. బీఐఎస్ కేర్ అనే ప్రభుత్వ యాప్‌లో ఆ నంబరు కొడితే ఏ నగ, ఏ స్వచ్ఛత, ఏ కేంద్రంలో ఎప్పుడు ముద్ర వేశారు, ఏ వ్యాపారి వేయించాడు, అన్నీ వస్తాయి. వస్తాయి, సిగ్నల్ ఉంటే. ఆ రాత్రి కొండ మీద ఉన్న జనమంతా వీడియో కాల్‌లో అమెరికా పిన్నులకి పెళ్లి చూపిస్తున్నారు. ఫోన్ పైకెత్తి పట్టుకుని వరండా చివరికి, అక్కడ నుంచి మెట్లదారి దాకా వెళ్లాను. అక్కడ ఒక గీత వచ్చింది.

ముద్ర వేసినది పెళ్లికి సరిగ్గా పన్నెండు రోజుల ముందు. షాపు కాకినాడది.

కేసు అయిపోయిందనుకున్నాను. వెనక్కి తిరిగి మండపం వైపు చూస్తే నవ్వొచ్చింది. ఈ పెళ్లికి వచ్చినవాళ్లలో సగం మంది కాకినాడ నుంచే వచ్చారు. మిగతా సగం నగలు కొనేది కాకినాడలోనే. పోనీ తాడు ముట్టుకున్నవాళ్ల వేళ్లకి పసుపు అంటుకుని ఉంటుంది కదా అన్న మహత్తరమైన ఆలోచన కూడా ఒక అర నిమిషం వచ్చింది. పెళ్లిలో పసుపు చేతుల కోసం వెతకడం అంటే, సముద్రంలో తడిసినవాళ్లెవరని అడగడమే.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. నిజానికి ఇది రాయాలనుకున్నదే అందుకు.

ఎవరి గదిలో ఎప్పుడు ఏ వస్తువు ఉందో తెలుసుకోవాలని పెళ్లికూతురి తమ్ముణ్ని పక్కకి పిలిచాను. "ఒరేయ్, పుస్తె మీ ఇంట్లో బయల్దేరినప్పటి నుంచి ఎవరెవరి చేతులు మారింది?" అని అడిగాను. క్లయింట్లని అడిగినట్టే అడిగాను. కానీ వాడు క్లయింటు కాదు. పొద్దున్నుంచీ తిండి లేకుండా తిరుగుతున్న ఆడపెళ్లివారి పిల్లాడు. నా మొహం చూసి "పోయిందా అక్కా?" అన్నాడు. "పోలేదురా" అన్నాను. ఆ "పోలేదురా"లో సగమే వాడికి వినబడింది. పది నిమిషాలు తిరగకుండానే మా వైపు గదుల్లో "బంగారం పోయిందంట" అన్న మాట పాకిపోయింది. పోయిన వస్తువేంటో ఎవరికీ తెలియదు. ఎవరి మీద అనుమానమో మాత్రం అందరికీ తెలిసిపోయింది.

పెళ్లికూతుర్ని తయారుచెయ్యడానికి రాజమండ్రి నుంచి ఒకమ్మాయి వచ్చింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయి. మధ్యాహ్నం నుంచీ ఆ గదిలోనే ఉంది, బయటి మనిషి, పెద్ద పెట్టె ఒకటి తెచ్చుకుంది. చాలదా? పెళ్లికూతురు గౌరీపూజలో కూర్చున్న సమయం చూసి ఒక మేనమామగారు, ఇద్దరు పెద్దమ్మలు, వాళ్ల వెనక పెళ్లికూతురి తమ్ముడు, అందరూ వరండాలో ఆ పిల్ల చుట్టూ చేరారు. "ఏం లేదమ్మా, అందరివీ చూస్తున్నాం" అని మేనమామగారు అన్నారు. అందరివీ ఎవరూ చూడలేదు. ఆ ఒక్క పెట్టే తెరిపించారు.

నేను మెట్ల దగ్గర నుంచి పరుగెత్తుకుంటూ వచ్చేసరికి పెట్టెలో సామానంతా దుప్పటి మీద ఉంది. బ్రష్షులు, సవరాలు, హెయిర్ పిన్నుల డబ్బాలు, ఓ టిఫిన్ బాక్సు. ఒకరి సంచీ వెతికే హక్కు నాకు లేదు, మేనమామగారికీ లేదు. అది నాకు తెలిసినంత బాగా అక్కడ ఎవరికీ తెలియదు. ఆ మాట గట్టిగా అన్నాను కూడా. అప్పటికే వెతకడం అయిపోయింది.

ఆ పిల్ల ఏడవలేదు. సామాను ఒక్కొక్కటీ దేని అరలో దాన్ని సర్దుకుంటూ, "గదిలోకి వచ్చే ముందు నా పెట్టె వీడియో తీసుకుంటానండీ. వెళ్లే ముందు ఇంకోటి తీస్తాను. ఇది మూడో పెళ్లండీ ఇలాగ, నాకు" అని ఫోన్ చూపించింది. మధ్యాహ్నం తీసిన వీడియో. అరలన్నీ వరసగా తెరిచి చూపించి, చివర తన రెండు చేతులూ కెమెరా ముందు తిప్పింది. పద్నాలుగేళ్లుగా ఆధారాలు, రుజువులు అని మాట్లాడే మనిషిని నేను. ఇంత శుభ్రంగా ఒక్క రిపోర్టు కూడా తయారుచెయ్యలేదు.

"పూలజడ సగంలో ఉందండీ, గౌరీపూజ అయిపోతుంది" అని లోపలికి వెళ్లిపోయింది.

సరిగ్గా అప్పుడే వరండా ఆ చివర నుంచి టీచర్ వచ్చారు. గొడవేంటని ఎవర్నీ అడగలేదు. మేనమామగారి వైపు చూసి, "ఆ పిల్ల జోలికి మళ్లీ ఎవరన్నా వెళితే బాగుండదు" అన్నారు. ముప్పై ఏళ్లు క్లాసుని అదుపులో పెట్టిన గొంతు. అందరూ సర్దుకున్నారు. ఆవిడ మొహంలో మాత్రం కోపం కంటే వేరేదేదో ఎక్కువగా ఉంది.

నేను వరండా గోడకి ఆనుకుని కూర్చున్నాను. ఒక పెద్దమ్మ వచ్చి పక్కన కూలబడి, "నువ్వు డిటెక్టివంట కదా, మా చిన్నాడికి నర్సీపట్నం సంబంధం ఒకటి వచ్చింది, కాస్త చూసిపెడతావా" అని మొదలుపెట్టారు. ఆవిడ చెప్పేది వింటున్నట్టు తలాడిస్తూ, మొదటే వెయ్యాల్సిన లెక్క అప్పుడు వేశాను.

కొత్త పుస్తె పాతదానికి అచ్చుగుద్దినట్టుంది, కొక్కెం తప్ప. కొన్నది పెళ్లికి ముందు పన్నెండు రోజుల్లోపు. అంటే కొన్నవాళ్లకి పాతది ఎలా ఉంటుందో అప్పటికే తెలుసు. పిన్నిగారు దాన్ని చూడడమే ఈ రోజు. అప్పటికి చూసినవాళ్లు ఐదుగురే. కంసాలి తాతగారికి తన సొమ్ము పెట్టి బంగారం కొనాల్సిన ఖర్మ లేదు. పెళ్లికూతురు కాదు. తమ్ముడు తీసి ఉంటే ఇంత రాద్ధాంతం చెయ్యడు. నేను కాదు, ఆ మాత్రం నమ్మకం నా మీద నాకుంది.

మరి డబ్బు? టీచర్ పెన్షన్ ఖాతా పెళ్లికూతురే చూస్తుంది. బ్యాంకు ఉద్యోగం కదా, వాళ్లమ్మ ఏటీఎంలో ఐదొందలు తీసినా మెసేజ్ దీని ఫోన్‌కే వస్తుంది. అన్ని వేలు బయటికి వెళితే దీనికి తెలియకుండా ఉండదు. అంటే డబ్బు కాకుండా వేరేదేదో ఇచ్చి కొని ఉండాలి.

కొబ్బరి కోరితే వేలి కొస తెగుతుంది, మహా అయితే కణుపు గీరుకుంటుంది. ఉంగరం ఉండే చోట ఎందుకు తెగుతుంది?

ఆ ఉంగరం నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. ఎర్రరాయి ఉంగరం. కీళ్లు లావై చాన్నాళ్లుగా ఊడి రావడం లేదని, స్నానానికి కూడా తియ్యనని నవ్వుతూ చెప్పేవారు. ఊడి రాని ఉంగరం తియ్యాలంటే కొయ్యాలి.

పెద్దమ్మగారికి నర్సీపట్నం చూసిపెడతానని మాటిచ్చి లేచాను.

సత్రం వెనక పిట్టగోడ దగ్గర ఒక్కరే నిలబడి ఉన్నారు. కింద హైవే మీద లారీల లైట్లు వరసగా పోతున్నాయి. నేను పక్కన నిలబడ్డాక చాలాసేపటికి, "కనిపెట్టేశావా?" అన్నారు.

"వేలు చూపించండి టీచర్."

చూపించలేదు. చెయ్యి కొంగులోకి లాక్కున్నారు. ఏడో తరగతిలో నా చేతిలో స్లిప్పు దొరికినప్పుడు నేనూ సరిగ్గా అలాగే దాచుకున్నాను.

"ఉంగరం ఇచ్చి, తక్కువపడినదానికి చీటీ డబ్బులు కట్టాను. మూడున్నర గ్రాములు. పాతదానికంటే అరగ్రాము ఎక్కువే" అన్నారు. బరువు గురించి నేను అడగలేదు.

"గ్రహణం రోజు జంతికలు పెట్టింది మీరేనా?"

"నేనేనే. ఇప్పుడైనా పెడతాను. నాకు వీటి మీద నమ్మకం లేదు. భయం ఉంది." కాసేపాగి మళ్లీ అన్నారు, "నీ గురించి అయితే నీడ అంటే నీడే అని చెప్తాను. దాని మెడలో అది చూస్తే నాకు నిద్ర పట్టదు. ఆయనకి ముప్పై ఎనిమిదే, అప్పటికి. దానికిప్పుడు ముప్పై ఎనిమిది. వద్దని చెబుదామంటే, నాన్నది అని అంత మురిసిపోతోంది."

పళ్లెంలో మార్చింది పిన్నిగారట. కొక్కెం వంకరగా ఉంది, దారం ఒరుసుకుంటుంది, ఇది పెట్టు అని చెప్పి టీచరే మార్పించారు. ఆ పిన్నిగారికి అంతకుమించి తెలియదు. "నా చేత్తో నేను ముట్టుకోలేదు" అన్నారు, అదేదో తనకి అనుకూలమైన సాక్ష్యం అన్నట్టు. ఆ రాత్రి అన్నింటికంటే నన్ను బాధపెట్టింది ఆ మాట. కూతురి పుస్తెని తల్లి ముట్టుకోలేదట.

మా వృత్తిలో ఒక నియమం ఉంది. ఫీజు ఇచ్చినవాళ్లకే రిపోర్టు. ఈ కేసులో నాకెవరూ ఫీజు ఇవ్వలేదు, కాబట్టి రిపోర్టు ఎవరికీ ఇవ్వక్కర్లేదు. టీచర్‌కి ఇదే చెప్పాను. "కానీ మీ అమ్మాయి ఫోటో అడిగింది. మూడుసార్లు అడిగింది. నేను పంపితే అది కొక్కెం చూస్తుంది. పంపకపోతే తాళి కట్టాక చూస్తుంది. రెండున్నర దాకా టైముంది. నేను చెప్పను, మీరు చెప్పండి."

"తిడుతుంది."

"తిడుతుంది."

ఒంటిగంటకి టీచర్ పెళ్లికూతురి గదిలోకి వెళ్లారు. అందర్నీ బయటికి పంపించి తలుపు వేసుకున్నారు. లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. తలుపు పక్కన నిలబడి వినకుండా ఉండడం నా వృత్తిలోవాళ్లకి ఎంత కష్టమో మీకు తెలియదు. పక్క సత్రంలో ఎవరిదో గట్టిమేళం మొదలై నన్ను కాపాడింది. ఇరవై నిమిషాల తర్వాత తలుపు తీసింది ఆ రాజమండ్రి అమ్మాయి కోసం. పెళ్లికూతురి కాటుక మొత్తం చెదిరిపోయి ఉంది, మళ్లీ పెట్టాలి.

"ఫోటో వద్దులే" అంది నాతో.

ముహూర్తానికి ముందు పళ్లెం అందరి దగ్గరికీ వచ్చింది. సూత్రాలు ముట్టుకుని దణ్ణం పెట్టుకున్నాం. కొక్కెం నడిమధ్యలోనే ఉంది. అంటే అమ్మ మాటే నెగ్గిందని అనుకున్నాను. జీలకర్రబెల్లం, గట్టిమేళం, మూడు ముళ్లు, తలంబ్రాలు అన్నీ జరిగిపోయాయి. బ్రహ్మముడి వేసే సమయానికి జనంలో చిన్న కదలిక. అప్పటిదాకా వెనక వరసలో స్తంభం చాటున ఉన్న టీచర్ లేచి మండపం దగ్గరికి వచ్చారు. ముడిలో పెట్టే రూపాయి బిళ్ల, వక్క, పసుపుకొమ్ము పురోహితుడి చేతిలో ఉన్నాయి. టీచర్ గుప్పిట తెరిచి ఆయన అరచేతిలో ఇంకోటి పెట్టారు. తన చేత్తోనే. ఆయన దాన్ని చూశాడు, ఆవిడని చూశాడు, ఏం అడగకుండా అన్నీ కలిపి ముడి వేసేశాడు. పెళ్లికూతురు తల ఎత్తలేదు గానీ ఆ ముడిని ఒకసారి చేత్తో పట్టుకుని చూసుకుంది.

ఆ ఆలోచన ఎవరిదని తర్వాత ఇద్దర్నీ విడివిడిగా అడిగాను. ఎవరికి వాళ్లు రెండోవాళ్లదని చెప్పారు.

నాలుగున్నరకి జనం పలచబడ్డారు. తమ్ముడు రెండు కాఫీలు పట్టుకుని పెళ్లికూతురి గది గుమ్మంలో నిలబడ్డాడు. "సారీ అండీ" అన్నాడు. రాజమండ్రి అమ్మాయి కాఫీ తీసుకుంది, పర్లేదు అనలేదు. నేనూ చెప్పాను, అడిగింది నేనే, గొడవ నా వల్లే మొదలైందని. "ఆయ్" అంది, అంతే. మేనమామగారు అప్పటికి ఎక్కడో నిద్రపోతున్నారు.

ఆ పిల్ల పెట్టె మంచం మీద పెట్టి అరలన్నీ తెరిచింది. ఫోన్ తీసి, గదిలో లైటు వైపు ఒకసారి చూసి, నా చేతికి ఇంకో ఫోన్ ఇచ్చింది.

"టార్చి పట్టుకుంటారా అండీ? కొంచెం దగ్గరగా. లోపలి అరలు కనబడాలి."

పట్టుకున్నాను.